ఏడో హోల్, చెట్టు కింద

బెంటన్‌విల్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో గెస్టులెవరూ లేరు, నేనొక్కడినే. మాస్టర్స్ అయిపోయి రెండు వారాలైంది, ఇంకా దాని గురించేనా అనుకోకండి. చెప్పాల్సింది ఒకటి ఉండిపోయింది.

ముందు గోల్ఫ్ తెలియని వాళ్లకి రెండు ముక్కలు. మేము ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకూ తెలియదు. శనివారం వస్తే క్రికెట్, అంతే. మన పక్కనే రోజర్స్‌లో, పినకిల్ కంట్రీ క్లబ్‌లో 2007 నుంచి ఆడవాళ్ల ఎల్‌పీజీఏ టోర్నమెంట్ జరుగుతోంది కదా, ఒకసారి ఆఫీసువాళ్లు టికెట్లిస్తే వెళ్లాను. తాడు పక్కన నిలబడితే ఆడేవాళ్లు నాలుగడుగుల దూరంలో నడిచి వెళ్తారు. నాకు వింతగా అనిపించింది ఏంటంటే, అంపైర్ ఏడీ? రూల్స్ చూసే అధికారులు ఉంటారు, పిలిస్తే వస్తారు. ప్రతి బంతి వెనకా మాత్రం ఎవరూ తిరగరు.

సరే, ఏప్రిల్ 13. మా ఖమ్మం అన్న ఇంట్లో చేరాం, నాలుగు కుటుంబాలు. ఆడవాళ్లు లోపల, పిల్లలు మెట్ల మీద, మేం టీవీ ముందు. రోరీ మెక్‌ల్రాయ్ 2014 తర్వాత ఒక్క మేజర్ కూడా గెలవలేదు. ఈ మాస్టర్స్ ఒక్కటీ గెలిస్తే నాలుగు మేజర్లూ గెలిచిన ఆరో మనిషి అవుతాడు. ఆ రోజు మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ. మళ్లీ పుంజుకున్నాడు. పదమూడులో చిన్న షాట్, మనలాంటి వాళ్లం కూడా అటు పక్కకి కొట్టేసేది, తీసుకెళ్లి నీళ్లలో వేశాడు! మా అన్న సోఫా దిగి నేల మీద కూర్చున్నాడు. ఇంకోపక్క జస్టిన్ రోజ్. ఉదయం ఏడు షాట్లు వెనక ఉన్నవాడు పది బర్డీలు కొట్టి 66తో ముగించాడు. చివరి హోల్‌లో ఐదడుగుల పుట్ పడితే మెక్‌ల్రాయ్‌దే. పడలేదు. ప్లేఆఫ్. మళ్లీ అదే పద్దెనిమిదో హోల్, ఈసారి బర్డీ. మెక్‌ల్రాయ్ మోకాళ్ల మీద కూలిపోయి ఏడ్చాడు. మా ఇంట్లో సగం మందీ ఏడ్చారు, ఎందుకో వాళ్లకే తెలియదు.

నా కళ్లు మాత్రం రోజ్ మీదే ఉన్నాయి. 2017లో కూడా ఇక్కడే, ఇలాగే ప్లేఆఫ్‌లో సెర్హియో గార్సియా చేతిలో ఓడాడు. రెండోసారి. ఆ మనిషి వెళ్లి రోరీని కావలించుకుని, నువ్విది గెలుస్తుంటే ఇక్కడ నిలబడి చూసే భాగ్యం నాకు దక్కింది అన్న అర్థంలో ఏదో చెప్పాడు. మా వాళ్లలో ఒకాయన "ఇంగ్లీషువాళ్ల మర్యాదలే అవన్నీ, లోపల కుమిలిపోతుంటాడు" అన్నాడు. కుమిలిపోడా మరి? కుమిలిపోతూ చేశాడు కాబట్టే కదా అది గొప్ప. క్రికెట్‌లో 1980 బొంబాయి టెస్టు గుర్తుందా, అవుట్ ఇచ్చేసిన బాబ్ టేలర్‌ని మన గుండప్ప విశ్వనాథ్ వెనక్కి పిలిచాడు. ఆ మ్యాచ్ మనం ఓడిపోయాం కూడా.

అప్పుడు మా ఖమ్మం అన్న అన్నాడు, "దానికంటే మనవాడు చేసింది పెద్దది" అని. మనవాడు అంటే సాహిత్ తీగల. కాలిఫోర్నియాలో పుట్టాడు గానీ అమ్మానాన్నలు హైదరాబాద్ వాళ్లు. 2023లో తొలిసారి మాస్టర్స్ ఆడినప్పుడు ఆదివారం పదహారో హోల్‌లో గ్రీన్ బయటి నుంచి చిప్ చేసి లోపల వేశాడే, 2005లో టైగర్ వుడ్స్ వేసినట్టు, ఆ కుర్రాడు. అన్న చెప్పింది మాత్రం 2024 ఆగస్టు ముప్పై ఒకటి సంగతి. అట్లాంటాలో ఈస్ట్ లేక్, టూర్ చాంపియన్‌షిప్. మేజర్ కాదు, డబ్బులో మాత్రం మేజర్‌కి తాత. మూడో హోల్‌లో బంకర్‌లో ఉన్నాడు. క్లబ్ వెనక్కి తీస్తుంటే ఇసుక కాస్త తగిలిందనిపించింది. కొన్ని రేణువులు. ఎవరూ అడగలేదు. తనే జాండర్ షాఫ్లీకి చెప్పి, అధికారిని పిలిపించాడు. రెండు షాట్ల పెనాల్టీ. చివరికి మూడో స్థానం. ఆ రెండు లేకపోతే రెండో స్థానం మొరికావాతో పంచుకునేవాడు. లెక్క వేస్తే 25 లక్షల డాలర్ల తేడా. తర్వాత అడిగితే, తప్పు జరిగిందని దాదాపు ఖాయంగా అనిపించింది, దానికి మూల్యం కట్టాను, బాధ లేదు అన్నట్టు చెప్పాడు.

అన్న ఇది చెబుతుంటే మెట్ల మీద నుంచి మావాడు, పదేళ్లవాడు, నా వైపే చూస్తున్నాడు.

కార్లో అడిగాడు. "నాన్నా, ఇసుక తగిలితేనే రెండు షాట్లా?"

"అవును నాన్నా."

"మరి కాలితో జరిపితే?"

కిందటి అక్టోబరులో మేం నలుగురం ఆడాం. వాడు నా బ్యాగ్ బండి లాగుతూ వచ్చాడు. ఏడో హోల్‌లో నా బంతి చెట్టు వేరుకి ఆనుకుని పడింది. ఎవరూ చూడట్లేదని బూటుతో ఒక జానెడు పక్కకి నెట్టాను. ఒక్క షాట్‌తో గెలిచాను. పందెం ఏముంది, నలుగురికీ బిర్యానీ, ఓడినవాళ్లు పెట్టాలి. పెట్టించుకుని తిన్నాను. వాడికీ పార్సిల్ తెచ్చాను. ఆర్నెల్లు వాడు ఏమీ అనలేదు. అదీ నన్ను తినేస్తోంది. మా నాన్న ఇంతే అనుకుని ఊరుకున్నాడా?

"దానికీ రెండే" అన్నాను. రూల్ అదే. వాడు వేళ్ల మీద లెక్క కట్టాడు. "అయితే నువ్వు ఓడిపోయావు" అని, మళ్లీ కిటికీ లోంచి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ఖమ్మం అన్నకి ఫోన్ చేశాను. నవ్వేస్తాడనుకున్నాను. నవ్వలేదు. కాసేపు ఆగి, "మిగతా ఇద్దరికీ నువ్వే చెప్పుకో, నేను చెప్పను" అన్నాడు. న్యాయమే. ఒకాయన ఇక్కడే ఉంటాడు, ఇంటికెళ్లి చెప్పాను. ఆయన ఇప్పటికీ నాతో కొంచెం ముభావంగానే ఉన్నాడు, బిర్యానీ కోసం కాదు లెండి.

నాలుగో ఆయన జనవరిలో డాలస్ వెళ్లిపోయాడు. ఫోన్ తీస్తాను, పెట్టేస్తాను. ఆయన ప్రతి ఎపిసోడూ ఆఫీసుకి వెళ్తూ వింటాడని నాకు తెలుసు. మావాడు ఇక్కడే గదిలో కూర్చుని ఉన్నాడు, రికార్డింగ్ ఎర్ర లైటు చూస్తూ.

అన్నా, ఏడో హోల్. చెట్టు కింద. బంతి అక్కడ పడలేదు, నేను జరిపాను. ఆ రోజు గెలిచింది నువ్వే.