చెరసాల నుండి చెరసాలకు



1908లో ‘స్వరాజ్య’ పత్రికలోని వ్యాసమునకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెరసాలకేగిరి. అనంతరము గ్రంథాలయోద్యమమును నడిపిరి. కావున రచయిత చెర గ్రంథాలయమునకు పరాయి విషయము కాదు.

మాతృభాషలో నాటకము వ్రాసి ఆడించిన గూగీ వా థియాంగోను కెన్యా ప్రభుత్వము 1977 డిసెంబరు 31న విచారణ లేకయే నిర్బంధించెను. మరుగుదొడ్డి కాగితములపై ఆయన నవల వ్రాసిరి. ఆమ్నెస్టీ సంస్థయు, పరదేశ రచయితలును ఆయనకై పలికిరి, ఏడాదికి విడుదలైరి.

ఆ నవలను 1980ల దశకములో వరవరరావుగారు కారాగారమందుండియే తెనిగించిరి. 2018లో వారు మరల నిర్బంధితులు కాగా అంతర్జాతీయ పెన్ సంస్థ విడుదల కోరెను. 2022లో సుప్రీంకోర్టు అనారోగ్యకారణమున జామీను ఇచ్చెను.

రచయితతో ఏకీభవింపనక్కరలేదు. ముద్దనూరు గ్రంథాలయపు బల్లపై ఆతని పుస్తకమునకు చోటును, చదువరియు ఉండిన చాలును. దూరదేశపు ఖైదీకి గ్రామము అందింపగల చేయూత అదియే.