మరణించి లేచినవాడు తన ప్రమాణమునుండి విడుదల పొందునా?

(శతవార్షికోత్సవ యువజన సదస్సులో చేసిన ప్రసంగపాఠము)



మన డయాసిస్ నూరేండ్ల పండుగలో సంఘ చరిత్రను గూర్చియు, మన పితరుల త్యాగమును గూర్చియు మాటలాడువారు అనేకులున్నారు. మాకు ఇయ్యబడిన అంశము వేరు. యువజన కూటమువారు ఒక ప్రశ్నను కాగితము మీద వ్రాసి మా చేతికిచ్చి, దీనికి వాక్యానుసారముగా జవాబు చెప్పుడని కోరిరి. చచ్చువరకు ఈ పని చేసెదనని ప్రమాణము చేసినవాడు చచ్చి, మరల బ్రదికి లేచినయెడల, ఆ ప్రమాణము వానిని ఇంకను కట్టియుంచునా? ఇది వారి ప్రశ్న.

పెద్దలలో కొందరు ఇది విని నవ్విరి. చచ్చినవాడు లేచుట ఎక్కడ, లేచి ప్రమాణమును గూర్చి వాదులాడుట ఎక్కడ అనిరి. కాని ఇది నవ్వి విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. ఏలయనగా చచ్చి లేచినవారమని చెప్పుకొనువారు ఈ లోకములో ఎవరైన ఉన్నయెడల, వారు బాప్తిస్మము పొందిన మనమే.

కథ యేమి?

ఈ ప్రశ్న ఒక కాల్పనిక గాథలోనుండి వచ్చినది. అమెరికా దేశపు రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1996లో మొదలుపెట్టిన నవలల వరుస అది. 2011 మొదలుకొని 2019 వరకు టెలివిజన్‌లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అను పేరుతో ధారావాహికగా వచ్చి లోకమంతట ప్రసిద్ధి పొందినది. అందులో కుటుంబముతో కూర్చుండి చూడదగని దృశ్యములు చాలయున్నవి గనుక దానిని చూడుడని మేము సిఫారసు చేయుటలేదు. అయితే మన పిల్లలు చూచియున్నారు, చదివియున్నారు. వారు అడిగినప్పుడు వినకపోవుట కాపరికి తగదు.

ఆ కథలో ఉత్తర దిక్కున ఏడువందల అడుగుల ఎత్తుగల మంచు గోడ యున్నది. దానిని కాయుటకు నల్లని వస్త్రములు ధరించిన ఒక దళమున్నది. అందులో చేరువాడు భార్యను, బిడ్డలను, భూములను, కిరీటమును కోరనని ప్రమాణము చేయవలెను. తన కావలి తన మరణము వరకు ముగియదని పలుకవలెను. దళము విడిచి పారిపోయినవానికి శిరచ్ఛేదమే శిక్ష. జాన్ స్నో అను యువకుడు ఆ ప్రమాణము చేసి, క్రమముగా ఆ దళమునకు అధిపతి యాయెను. గోడకు ఆవలనున్న శత్రుజనులను ప్రాణాపాయమునుండి తప్పించుటకు లోపలికి రానిచ్చినందున, స్వంత దళమువారే కొందరు కుట్రచేసి అతనిని పొడిచి చంపిరి. 2011లో వచ్చిన ఐదవ నవలలో అతడు కత్తిపోట్లు తిని పడిపోవుటతో అతని భాగము ఆగినది. 2016లో వచ్చిన ధారావాహిక భాగములో మెలిసాండ్రే అను స్త్రీ చేసిన ప్రార్థనచేత అతడు బ్రదికి లేచెను. లేచిన తరువాత తనను చంపినవారిని ఉరితీయించి, అధిపతి వస్త్రమును ఎడ్ అను మిత్రునికి అప్పగించి, తన కావలి ముగిసినదని చెప్పి వెళ్లిపోయెను.

అతడు చేసినది న్యాయమా? ప్రశ్న ఇదే.

ఇరుపక్షముల వాదనలు

న్యాయమే యనువారు మాటను పట్టుకొందురు. మరణము వరకు అని ప్రమాణము. మరణము వచ్చినది. కత్తిపోట్ల గురుతులు అతని దేహముమీద నున్నవి. అప్పు పత్రములో వ్రాసిన గడువు తీరినట్లే ఈ గడువును తీరినది. ఒకడు రెండు మారులు చావవలెనని పత్రములో వ్రాయలేదు. అంతేకాదు, అతనిని చంపినవారు ఆ దళమువారే. ఒడంబడిక రెండు వైపుల నుండును. ఒక వైపువారు దానిని కత్తితో కోసివేసిన తరువాత రెండవ వైపువానిని కట్టివేయుట ఎట్లు?

న్యాయము కాదనువారు మూడు సంగతులు చెప్పుదురు. మొదటిది, ఆ ప్రమాణములోనే మరియొక మాటయున్నది. ఈ రాత్రికిని రాబోవు రాత్రులన్నిటికిని తన జీవమును ఇచ్చుచున్నానని అతడు పలికెను. జీవము మరల వచ్చినయెడల, ఇచ్చివేసిన ఆ జీవము ఎవరిది? రెండవది, కావలి దేనికొరకు పుట్టినదో ఆ అపాయము గోడకు ఆవల ఇంకను నిలిచియున్నది. మరణము వరకు అను మాట కావలివాడు అలసిపోయి దిగిపోకుండునట్లు పెట్టినదే గాని, దిగిపోవుటకు దారి చూపుటకు పెట్టినది కాదు. మూడవది అన్నిటికంటె బలమైనది. మరణముతో అధికారము పోయినయెడల, లేచిన తరువాత ఏ అధికారముతో అతడు నలుగురిని ఉరితీయించెను? అధిపతిగా తీర్పు తీర్చి, వెంటనే అధిపతిని కానని చెప్పుట ఒకే నోటితో రెండు మాటలు పలుకుట కాదా?

ఈ కథనే ఇంకొంచెము చదివినయెడల, అదే రచయిత వేరు విధముగా నడిచినవారినికూడ చూపించియున్నాడు. బెరిక్ డొండారియన్ అను ప్రభువు ఒక దుర్మార్గుని పట్టుకొని న్యాయము జరిగించుమని రాజు పేరట పంపబడెను. అతడు పలుమారులు చంపబడెను, పలుమారులు లేపబడెను. పంపిన రాజు చచ్చెను, ఆజ్ఞ ఇచ్చిన మంత్రి చచ్చెను. అయినను దిక్కులేని గ్రామస్థులను కాపాడుట తన పనియే యని అతడు నిలిచెను. నవలలలో కాట్లిన్ అను తల్లియు లేపబడినది. బ్రియెన్ అను వీరవనిత ఆమెకు సేవచేసెదనని ప్రమాణము చేసినప్పుడు, అవమానకరమైన పని నిన్ను చేయుమని అడుగనని కాట్లినుకూడ ప్రమాణము చేసెను. లేచిన తరువాత ఆ తల్లి బ్రియెన్ చేసిన ప్రమాణమును గట్టిగా జ్ఞాపకముంచుకొని, తాను చేసినదానిని మరచిపోయెను. ఉరిత్రాడు చూపి బెదరించెను. ఎదుటివాని ప్రమాణము మాత్రము చావదు, మన ప్రమాణము మాత్రము చచ్చును అనుకొనుట మనుష్య స్వభావము కాదా?

ఇంగ్లండు రచయిత టోల్కీన్ 1954, 1955 సంవత్సరములలో ప్రచురించిన గాథలోను ఈ సంగతి యున్నది. యుద్ధమునకు వచ్చెదమని ఇసిల్దుర్ అను రాజుతో ప్రమాణము చేసి, పిలిచినప్పుడు రాక దాగినవారు మూడువేల యేండ్లకు పైగా చచ్చియు విశ్రాంతి లేక తిరిగిరి. ఆ రాజు వంశస్థుడు వచ్చి పిలువగా మాట నెరవేర్చిరి. అప్పుడే విడుదల పొందిరి. ఆ గాథలోనే గాండాల్ఫ్ అను వృద్ధుడు తన తోటివారిని తప్పించుటకు పోరాడి చచ్చి, తిరిగి పంపబడెను. విశ్రాంతికొరకు కాదు, మిగిలిన పనికొరకే. మన దేశపు భారత కథలోను అంబ చేసిన శపథము ఆమెతో కాలిపోలేదు. శిఖండియై పుట్టి నెరవేర్చుకొన్నది.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

కథలు ప్రశ్నను పదును పెట్టును. తీర్పు వాక్యమునుండి రావలెను.

విడుదల పక్షమున అపొస్తలుడైన పౌలు ఉన్నట్లు కనబడును. రోమా పత్రిక 7వ అధ్యాయము మొదటి వచనములలో, మనుష్యుడు బ్రదికియున్నంతకాలమే ధర్మశాస్త్రము వానిమీద ప్రభుత్వము చేయునని చెప్పి, భర్త చనిపోయిన స్త్రీని ఉదాహరణముగా చూపెను. మరణము నిజముగా కట్లు విప్పును. అందుచేతనే విధవరాలు మరల వివాహము చేసికొనుటను సంఘము తప్పుపట్టలేదు.

అయితే చనిపోయి తిరిగి బ్రదికినవారి సంగతి చూడుడి. నాయీను విధవరాలి కుమారుడు పాడెమీదనుండి లేచి కూర్చుండగా ప్రభువు ఏమి చేసెను? వానిని వాని తల్లికి అప్పగించెను (లూకా 7:15). నీవు చచ్చితివి గనుక తల్లిని పోషించు బాధ్యత తీరినదని చెప్పలేదు. యొప్పేలో తబితా విధవరాండ్రకు వస్త్రములు కుట్టుచుండెను. పేతురు ఆమెను లేపి ఆ విధవరాండ్రనే పిలిచి వారికి అప్పగించెను (అపొ. కార్యములు 9:41). లాజరు లేచి తన యింటివారితో భోజనపు పంక్తిలో కూర్చుండెను (యోహాను 12:2). వీరందరు లేచినది మునుపటి జీవమునకే. వీరు మరల చావవలసినవారే. అట్లు లేచినవారు పాత బాధ్యతకే లేచిరి.

సద్దూకయ్యులు ఏడుగురు భర్తల స్త్రీని గూర్చి అడిగినప్పుడు ప్రభువు చెప్పిన జవాబు వేరు పునరుత్థానమును గూర్చినది (లూకా 20:34-36). అక్కడ పెండ్లి లేదు. వారు ఇక చావనేరరు. అక్కడ కట్లు విడిపోవుటకు కారణము గడువు తీరుట కాదు, జీవపు విధమే మారుట.

ఈ రెంటికిని మధ్యనున్న భేదమే మన ప్రశ్నకు తాళపుచెవి. జాన్ స్నో ఏ లేచుట లేచెను? మరల చావగల దేహముతో, అదే లోకమునకు, అదే మంచు గోడ నీడకు లేచెను. అది నాయీను యువకుని లేచుట వంటిది. కాబట్టి మాటల లెక్కలో అతడు విడుదల పొందెనేమో గాని, మనస్సాక్షి లెక్కలో అతనికి విడుదల లేదని మా అభిప్రాయము. అతడు చేయవలసినది, ఆ దళము ఎదుట నిలిచి, మీరు నన్ను విడిపింతురా అని అడుగుట. సంఖ్యాకాండము 30వ అధ్యాయములోకూడ మ్రొక్కుబడిని రద్దుచేయు అధికారము మ్రొక్కుకొన్నదానికి ఇయ్యబడలేదు. తండ్రికో భర్తకో ఇయ్యబడినది. తన ప్రమాణమునకు తానే న్యాయాధిపతి యగుట ఎవరికిని క్షేమము కాదు. ధారావాహిక ముగింపులో అతడు శిక్షగా మరల ఆ గోడయొద్దకే పంపబడెనని విన్నప్పుడు మాకు ఆశ్చర్యము కలుగలేదు.

ఒక మాట చెప్పవలెను. ప్రతి ప్రమాణమును నిలువవలసినది కాదు. హేరోదు తన ఒట్టుకొరకు యోహాను తల తీయించెను. అట్టి ఒట్టు నిలుపుటయే పాపము. కాని అది చెడ్డదైనందున విడువవలెను; నేను మారితిని గనుక అని కాదు.

లేచిన ప్రభువు ఏమి చేసెను?

నిజముగా మరణించి, ఇక మరణించనివాడై లేచినవాడు ఒక్కడే. ఎవరికైన పాత మాటనుండి విడుదల పొందు హక్కు ఉన్నయెడల అది ఆయనకే. ఆ రాత్రి ఆయన శిష్యులతో, తాను లేచిన తరువాత వారికంటె ముందుగా గలిలయకు వెళ్లెదనని చెప్పెను (మార్కు 14:28). అదే రాత్రి పేతురును తక్కినవారును ఆయనతో చావవలసివచ్చినను ఆయనను ఎరుగమని చెప్పమని మాట ఇచ్చిరి. తెల్లవారకముందే వారి మాట పోయినది. అనగా ఒడంబడికను ఒక వైపువారు తెంపివేసిరి. జాన్ స్నో పక్షమువారు చెప్పు వాదన ఇక్కడ పూర్తిగా సరిపోవును. అయినను ప్రభువు ఏమి చేసెను? చెప్పినట్లే గలిలయకు వెళ్లెను. గాయముల గురుతులతోనే వెళ్లెను. మాట తప్పినవారికొరకు మాట నిలుపుకొనెను.

సహోదరులారా, పునరుత్థానము ప్రమాణమును కొట్టివేయలేదు. దానిని నెరవేర్చినది.

మన సంగతి

ఇప్పుడు ప్రశ్న మనయొద్దకు వచ్చుచున్నది. బాప్తిస్మములో మనము క్రీస్తుతో చనిపోయి, లేచితిమి. ఇది మహా సత్యము. అయితే ఈ సత్యమును పట్టుకొని కొందరు చెప్పు మాటలు మన సంఘములలో వినబడుచున్నవి. పాత పురుషుడు చచ్చెను గనుక వాడు చేసిన అప్పును చచ్చెనని ఒకడు చెప్పును. రక్షణ పొందకముందు కట్టుకొన్న భార్య గనుక ఆ వివాహము లెక్కలోనిది కాదని మరియొకడు చెప్పును. ఆసుపత్రి మంచముమీద, వైద్యులు ఆశ వదలినప్పుడు దేవునితో మాట ఇచ్చి, తిరిగి లేచి తిరుగగలిగిన తరువాత, అది జ్వరములో అన్న మాట యనువాడును కలడు. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన తరువాత బోడి మల్లయ్య అని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

జక్కయ్య ఏమి చేసెను? రక్షణ తన యింటికి వచ్చిన దినముననే పాత లెక్కలు తీసి, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు చెల్లించెదననెను. ఒనేసిము క్రీస్తులో క్రొత్తవాడైనప్పుడు పౌలు అతనిని దాచిపెట్టలేదు. ఫిలేమోను నొద్దకు తిరిగి పంపెను. అతడు ఏదైన బాకీపడినయెడల తన లెక్కలో వ్రాయుమనెను. అవిశ్వాసియైన భార్య కాపురము చేయ నిష్టపడినయెడల ఆమెను విడువవద్దని 1 కొరింథీ 7వ అధ్యాయములో అదే పౌలు వ్రాసెను. మనము చచ్చినది పాపమునకు. అప్పు ఇచ్చిన పొరుగువానికి మనము చావలేదు. పెండ్లిపీటల మీద చేయి పట్టుకొన్నదానికి చావలేదు. కన్ఫర్మేషనునాడు పీఠము ఎదుట పలికిన మాటకు చావలేదు. కాపరులమైన మేము అభిషేకమునాడు చేసిన ప్రమాణముకూడ ఈ లెక్కలోనిదే.

ఒకవేళ ఎవరైన మోయలేని ప్రమాణము క్రింద నలుగుచున్నయెడల, మాకు చెప్పదగిన మాట ఇది: రహస్యముగా దానిని పాతిపెట్టవద్దు. ఎవరికి మాట ఇచ్చితివో వారియొద్దకు పొమ్ము, కాపరితో మాటలాడుము, విడుదల అడుగుము, లేక గడువు అడుగుము. అడిగి పొందిన విడుదలలో సమాధానమున్నది. తనంతట తాను తీసికొన్న విడుదలలో అది లేదు.

యువజనులారా, మీరు మంచి ప్రశ్న అడిగితిరి. ఆ కథలోని వీరుడు లేచి, నేనిక వేటికి బద్ధుడను కాను అని తన్ను చూచుకొనెను. మన ప్రభువు లేచి, నేను ఎవరికి మాట ఇచ్చితిని అని మనలను చూచెను. ఈ నూరేండ్లు మన సంఘములు నిలిచినది ఆ చూపువలననే. మన అవును అవునుగాను, కాదు కాదుగాను ఉండునట్లు ప్రభువు మనకందరికి సహాయము చేయునుగాక. ఆమేన్.