పసిబిడ్డల ఆటవస్తువులు, పుస్తకములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



లెక్కలు వ్రాయువాడు తన తప్పును కూడ పద్దులో చూపవలెను. కొన్నేండ్ల క్రిందట మన గ్రంథాలయమునకు కొనదలచిన పుస్తకముల పట్టికలో పసిబిడ్డల బొమ్మల పుస్తకములు కొన్ని ఉండెను. “అక్షరము రానివారికి పుస్తకమెందుకు? చింపుటకా?” అని ఆ పద్దును కొట్టివేసినవాడను నేనే. మనుమరాలు పుట్టిన పిమ్మట నా తప్పు నాకు తెలిసినది.

ఆ బిడ్డకు తొమ్మిదవ నెలలో, శివరాత్రి తిరునాళ్లలో రంగుల బండి బొమ్మ నొకటి కొనియిచ్చితిని. మరునాడే చక్రమూడి బిడ్డ నోటిలోనికి పోయినది. అవ్వ చూచి వెంటనే తీసినది గనుక గండము గడచినది. మన్ను తిన్న కృష్ణుని నోరు తెరువుమని యశోద యడిగిన ఘట్టమును పోతన భాగవతమున నే నెన్ని మారులో చదివితిని. ఆమెకు ఆ నోట లోకములన్నియు కనబడినవి. మనకు కనబడునది గోలీయో, గుండీయో, ఊడిన చక్రమో! పసిబిడ్డ లోకమును మొదట నోటితోనే చదువును. ఈ ఒక్క మాట జ్ఞాపకమున్నచో బొమ్మ నెన్నుకొనుట కష్టము గాదు.

మూడేండ్ల లోపు బిడ్డ కిచ్చు వస్తువు గాని, దానినుండి ఊడివచ్చు ముక్క గాని గొంతున కడ్డుపడునంత చిన్నది కారాదు. ఇచ్చుటకు ముందు మనమే లాగి, వంచి, గట్టిగా కదిపి చూడవలెను. పూసలు, పొడవైన దారములు, గాలిబుడగలు వలదు. గుండీవంటి బ్యాటరీని మింగినచో రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చగలదు. అనుమానము కలిగిన క్షణముననే ఆసుపత్రికి పోవలెను.

మన దేశమున అమ్ము ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. కేంద్రప్రభుత్వమువద్ద నమోదైన హస్తకళాకారుల చేతిపనికి మినహాయింపు కలదు. కావున చేతిబొమ్మను మన కన్నే పరీక్షింపవలెను. ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్కతోను, చెట్లనుండి తీసిన రంగులతోను మెరుగు పెట్టుదురు. మనకు సమీపమున మాధవమాలలో కర్రశిల్పు లున్నారు. వారి నడిగి రంగు పూయని, అంచులు నునుపైన ఏనుగు నొకదానిని ఒకే ముక్కలో చెక్కించుకొనవచ్చును.

వెల హెచ్చిన బొమ్మయే బుద్ధిని పెంచు ననుకొనరాదు. గిన్నెపై గరిటె కొట్టిన మ్రోగును. చేతినుండి వదలిన క్రింద పడును. కార్యకారణములను గూర్చి బిడ్డ నేర్చు తొలి తర్కపాఠ మిదియే.

ఇక పుస్తకము. అప్పుడే పుట్టిన శిశువునకు జానెడు మొదలు అడుగు దూరములోని వస్తువే కొంత స్పష్టముగా కనబడును; తెలుపు నలుపుల భేదము కంటిని ముందుగా ఆకర్షించును. పిమ్మట గుడ్డ పుస్తకము, దళసరి అట్ట పుస్తకము తగియుండును. మన క్షేత్రనామమే ఒక బొమ్మల పుస్తకము గదా! శ్రీ యనగా సాలెపురుగు, కాళ మనగా పాము, హస్తి యనగా ఏనుగు. అవ్వ పాత తెల్లని నూలుగుడ్డపై ఈ మూడింటిని నల్లదారముతో కుట్టి, గట్టిగా బిగించి, బిడ్డ చేతి కిచ్చినది. ఇంట నెవరైనను ఒడిలో కూర్చుండబెట్టుకొని “ఏనుగేదీ?” యని యడిగిన, మాట రాని ఆ బిడ్డ వ్రేలితో చూపెడిది. ఆ దినమున నాకు నోట మాట రాలేదు.

గ్రంథాలయ శాస్త్రజ్ఞులు ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో తమ సూత్రములను ప్రకటించుచు, ప్రతి పాఠకునికి తనకు తగిన గ్రంథము లభింపవలె ననిరి. ఒడిలోని బిడ్డయు పాఠకుడే యని నేను ఎరుగనైతిని.

కావున నా మనవి యిది. మన గ్రంథాలయమున అన్నిటికంటె క్రింది అరను పసిబిడ్డల కిత్తము. ఇంటికొక గుడ్డ పుస్తకము కుట్టి యిండు. తిరిగి వచ్చినదానిని సబ్బుతో ఉతికి ఎండబెట్టి మరియొక యింటికి పంపుదము. చిరిగినచో దానిని నష్టముక్రింద వ్రాయను. చదువబడిన పుస్తకములక్రిందనే వ్రాయుదును. నేను కొట్టివేసిన పద్దును నా చేతితోనే మరల వ్రాయుటకు అనుమతి వేడుచు సెలవు తీసికొనుచున్నాను.