కడుపుతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత: ఒంటికి కావలసిన కసరత్తు

(మండల సమాఖ్య మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)

అప్పులు, రికవరీలు, బ్యాంకు లింకేజీ గురించి పొద్దుటి నుంచి వింటున్నారు. మేము ఒక్క సంగతే మాట్లాడతాము. సంఘం మీటింగుల్లో ఎప్పుడూ ఎత్తని సంగతి అది.

మా గ్రామ సంఘంలో ఒక అక్క వరసగా నాలుగు మీటింగులకు రాలేదు. పొదుపు మాత్రం కూతురి చేతికిచ్చి పంపేది. ఫైను రాసినాము. ఐదో నెల మేమే ఇంటికి పోయి నిలదీసినాము. అప్పుడు చెప్పింది. దగ్గినా తుమ్మినా బట్టలు తడుస్తున్నాయంట. చాప మీద గంటసేపు కూర్చుంటే లేవాలంటే భయమంట. రెండో కాన్పు నుంచీ ఇదే బాధ. ఆ బిడ్డకు ఇప్పుడు ఆరేళ్ళు. ఆరేళ్ళుగా భర్తకు కూడా చెప్పలేదు. ఫైను కొట్టేసినాము, అది వేరే విషయం. తిరిగొచ్చే దారిలో నీకుందా, నీకుందా అని మాలో మేమే అడుక్కున్నాము. పోయింది ముగ్గురం. ఇద్దరికి ఉంది.

కాన్పయిన ఆడదానికి ఇది మామూలే అని పెద్దవాళ్ళు అంటారు. చాలామందికి వచ్చేదే, నిజమే. వచ్చిందాన్ని జన్మంతా మోయాలని మాత్రం ఎక్కడా లేదు. పొట్ట అడుగున, ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, ఉయ్యాల గుడ్డ మాదిరి కండరాలు ఉంటాయి. మూత్రసంచి, గర్భసంచి, పేగు చివర వాటి మీదనే ఆనుకొని ఉంటాయి. తొమ్మిది నెలల బరువుకు, కాన్పులో ముక్కే ముక్కుడుకు ఆ గుడ్డ సాగుతుంది. సాగినదాని మీద మళ్ళీ నీళ్ళబిందె, గడ్డిమోపు బరువు పడితే మూత్రం ఆగదు, కొందరికి గర్భసంచి కిందికి జారుతుంది.

ఇట్లాంటి బాధలతో పోయి గర్భసంచి తీయించుకొని వచ్చినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో మీకే తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషను ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంది. కొందరికి అది అవసరమే, కాదనము. కానీ మూత్రం కారడానికి అది మందు కాదు. దానికి ముందుగా చేసి చూడవలసింది కసరత్తు. 1948లోనే ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు ఈ కండరాల కసరత్తు గురించి రాసినాడు. ఇన్నేళ్ళయినా మన దాకా రాలేదు.

పట్నాల్లో కడుపుతో ఉన్నవాళ్ళు డబ్బు కట్టి పిలాటిస్ అనే కసరత్తుకు పోతున్నారు. ఫోన్లలో మీ కోడళ్ళు కూడా చూసే ఉంటారు. అది ఒక మనిషి పేరు. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టినాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు ఆయన్ను శత్రుదేశంవాడని శిబిరంలో నిర్బంధించినారు. అక్కడ తోటివాళ్ళకు కసరత్తు నేర్పినాడు, తర్వాత న్యూయార్కులో బడి పెట్టినాడు. కడుపుతో ఉన్నవాళ్ళకు తగినట్టు దాన్ని మార్చింది తర్వాతివాళ్ళు. అందులో సారం ఊపిరి, పొట్ట నడుముల పట్టు, నిదానం. స్ప్రింగుల బల్లలు మనకు అక్కర్లేదు, చాప చాలు.

“చేన్లో చేసేదంతా కసరత్తు కాదా?” అని మీరు అడుగుతారు. మేమూ నిన్నమొన్నటి దాకా అదే చెప్పి చిన్నపిల్లల నోరు మూయించినాము. అది మా తప్పు. చెనక్కాయలు పీకేటప్పుడు నడుము గంటల తరబడి ఒకే వంపులో ఉంటుంది. మామిడికాయల గంప ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాము. బిగబడితే పొట్టలోని ఒత్తిడంతా ఆ ఉయ్యాల గుడ్డ మీదకే దిగుతుంది. పని ఒంటిని అరగదీస్తుంది. కసరత్తు ఒంటికి పట్టు ఇస్తుంది. అయితే కసరత్తులో నేర్చుకున్నదాన్ని పనిలోకి తెచ్చుకోవచ్చు. బిందె ఎత్తే ముందు మోకాళ్ళు వంచండి, బిందెను ఒంటికి దగ్గరగా పట్టుకోండి, కింది కండరాలను పైకి బిగించండి, ఊపిరి వదులుతూ లేవండి. మేము మూడు నెలలుగా ఇట్లే ఎత్తుతున్నాము. మొదట్లో మరిచిపోతాము, తర్వాత అలవాటవుతుంది.

కడుపుతో ఉన్నవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి ఒక మోస్తరు కదలిక ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నడకైనా లెక్కే. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరి. మోకాళ్ళు, అరచేతులు నేలకానించి వీపును మెల్లగా పైకి గుండ్రంగా లేపి దించితే నడుం నొప్పి తగ్గుతుంది. నాలుగైదు నెలలు దాటినాక వెల్లకిలా పడుకొని చేసేవి మానాలి. బిడ్డ బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కి తల తిరుగుతుంది.

అందరికీ ఇది పనికిరాదు. మాయ కిందికి ఉన్నవాళ్ళు, గర్భసంచి మూతికి కుట్టు వేసినవాళ్ళు, బీపీ పెరిగినవాళ్ళు, రక్తం 7 గ్రాముల లోపు ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పనిదే ఏమీ చేయకూడదు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, పిక్క వాచి నొప్పి పుట్టినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ప్రతి నెలా 9వ తేదీన సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష ఉచితం. “నేను కసరత్తు చేయొచ్చా?” అని ఆ రోజు నోరు తెరిచి అడగండి.

కాన్పు తర్వాత మాట. మన రాష్ట్రంలో 2019-20 సర్వే నాటికే నూటికి 42 కాన్పులు కోతతో అయినవి. కోత పడినవాళ్ళు మొదట్లో ఊపిరి తీసి వదలడం, పాదాలు ఆడించడం, మెల్లగా నడవడం చేస్తే చాలు. ఆరు వారాలు బిడ్డకు మించిన బరువు ఎత్తకూడదు. మామూలు కాన్పయినవాళ్ళు నొప్పి తగ్గినాక కొద్ది రోజులకే కింది కండరాలు బిగించడం మొదలుపెట్టవచ్చు. పొట్ట తగ్గాలని వెల్లకిలా పడుకొని లేచే కసరత్తుకు దిగవద్దు. కడుపు మధ్యన కండరాలు విడిపోయి ఉంటాయి. మోకాళ్ళు మడిచి పడుకొని, తల కొంచెం ఎత్తి బొడ్డు పైన వేళ్ళతో నొక్కి చూసుకోండి. ఎనిమిది వారాలైనా రెండు వేళ్ళకు మించి సందు ఉంటే ఫిజియోథెరపీ వాళ్ళకు చూపించాలి. తిరుపతి స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది. నడుముకు గుడ్డ కట్టే మన పద్ధతి ఊతమిస్తుంది, మంచిదే. బిగించి కడితే మాత్రం ఒత్తిడి కిందికే పోతుంది.

అత్తలకు, అమ్మలకు ఒక మాట. బాలింతను చాప మీద పావుగంట వదిలేయండి. ఆ పావుగంట బిడ్డను మీరు ఎత్తుకోండి.

ఇప్పుడందరూ వెనక్కి ఆనుకోకుండా నిటారుగా కూర్చోండి. గాలి ఆపుకొనేటట్టు, మూత్రం ఆపుకొనేటట్టు కింది కండరాలను లోపలికి, పైకి బిగించండి. పిరుదులు, తొడలు బిగించవద్దు. ఊపిరి ఆపవద్దు. ఐదు లెక్కపెట్టి పూర్తిగా వదలండి. పట్టు వచ్చేకొద్దీ పది దాకా పోవచ్చు. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. నిజంగా మూత్రానికి కూర్చున్నప్పుడు మాత్రం చేయవద్దు. గుణం కనిపించడానికి మూడు నెలలు పడుతుంది. మేము చెప్పిన అక్క రెండో నెలలో ఉంది, ఈ రోజు మీటింగుకు వచ్చింది. ఎవరో చూపించము. పదండి, మొదటిది... ఒకటి, రెండు, మూడు...