నిద్రలో ఆగే ఊపిరి

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ చేసేది సర్జన్. అది జరిగినంతసేపూ రోగి ఊపిరికి కాపలా నేను. ఈరోజు మాట్లాడబోయేదీ ఊపిరి గురించే.

ఆపరేషన్‌కు ముందు భయం తగ్గడానికి మిడజోలం అని ఒక ఇంజెక్షన్ ఇస్తాం. మీ ఇళ్ళలో నిద్రకనో, గుండెదడకనో వాడే అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోనాజెపాం మాత్రలదీ అదే కుటుంబం. ఒకటి రెండు మిల్లీగ్రాములే ఎక్కిస్తాం. అంతమాత్రానికే వేలికి క్లిప్పు తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూస్తాను. ఊపిరి ఆడించే సంచి చేతికందే దూరంలో ఉంటుంది. ఫ్లూమజెనిల్ అనే విరుగుడూ సిద్ధంగా ఉంటుంది. రోగి ఛాతీ మీద నుంచి చూపు తిప్పను. అదే జాతి మాత్ర మింగి, దాని మీద క్వార్టర్ తాగి, దుప్పటి కప్పుకున్న మనిషి పక్కన ఎవరుంటారు? అలిసిపోయి నిద్రపోయిన భార్య ఉంటుంది. పొద్దున దాకా ఆమెకేమీ తెలియదు.

మన మెదడును నెమ్మదింపజేసే రసాయనం ఒకటుంది, గాబా అంటారు. మాత్ర గాని మద్యం గాని ఆ గాబా బలాన్నే పెంచుతాయి, కాకపోతే చెరొక చోట పట్టుకుంటాయి. ఒకే తలుపును ఇద్దరు రెండు వైపులా పట్టుకుని మూసినట్టు. మాత్ర ఒక్కటే వేసుకుంటే ఊపిరి ఆగిపోవడం అరుదు. మద్యం తోడైతే ఆ భరోసా పోతుంది. మామూలుగా నిద్రలో ఊపిరి తగ్గితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మెదడు ఉలిక్కిపడి ‘పీల్చు’ అంటుంది. మాత్రా మద్యం కలిసిన ఒంట్లో ఆ ఉలికిపాటు మొద్దుబారుతుంది. గొంతు కండరాలు సడలి నాలుక వెనక్కి పడుతుంది. గుర్రుగుర్రుమని గురక. ఇంట్లోవాళ్ళు ‘హాయిగా నిద్రపోతున్నాడు’ అనుకుంటారు. వాంతి వచ్చిందా, దగ్గి బయటికి తోసే శక్తి లేదు; తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

1975లో అమెరికాలో కేరన్ ఆన్ క్విన్లన్ అనే ఇరవై ఒక్కేళ్ళ అమ్మాయి డయాజెపాం వేసుకున్న ఒంటితో పార్టీలో మద్యం తాగింది. తూలిపోతుంటే స్నేహితులు ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టారు. కాసేపటికి చూస్తే ఊపిరి లేదు. ప్రాణం నిలిచింది గాని తెలివి రాలేదు. అలాగే ఉండి 1985లో చనిపోయింది. ఆ స్నేహితులు చెడ్డవాళ్ళు కారు. పడుకోబెట్టడమే మేలనుకున్నారు.

‘మాత్ర పొద్దున వేసుకున్నా, తాగేది రాత్రి కదా’ అంటారు. అల్ప్రాజోలం సగం తగ్గడానికే సుమారు పదకొండు గంటలు పడుతుంది. డయాజెపాం సగం తగ్గడానికి ఒకటి రెండు రోజులు. అది విరిగి తయారయ్యే పదార్థం ఇంకా ఎక్కువ కాలం పనిచేస్తుంది. ముసలివాళ్ళలో మరీ ఆలస్యం.

ఇక కల్లు సంగతి. చెట్టు నుంచి దించిన కల్లులో మత్తు తక్కువ. చెట్లు తక్కువ, తాగేవాళ్ళు ఎక్కువైన చోట నీళ్ళు, శాకరిన్, మత్తు మందు కలిపి అమ్ముతున్నారు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డయాజెపాం, ఇప్పుడు అల్ప్రాజోలం. పావు మిల్లీగ్రాము మాత్రల లెక్కన ఒక్క గ్రాము పొడి నాలుగు వేల మాత్రలతో సమానం. దాన్ని డ్రమ్ములో వేసి కర్రతో తిప్పేవాడికి ఏ సీసాలోకి ఎంత పోయిందో ఎలా తెలుస్తుంది? 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్ళు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరి కిడ్నీలు దెబ్బతిన్నాయి, కొందరు చనిపోయారు. కల్లు నమూనాల్లో అల్ప్రాజోలం బయటపడింది. ‘నేను మాత్రలే వాడను డాక్టరమ్మా’ అనే కూలన్న కూడా తనకు తెలియకుండానే మాత్రా మద్యం కలిపి తాగుతున్నాడని నా బాధ.

అలాగని ఉన్నపళంగా ఆపెయ్యమని చెప్పలేను. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో అలవాటుపడినవాళ్ళకు ఫిట్స్ వచ్చాయి, మెడలు వంకరపోయాయి, లేనివి కనబడ్డాయి. ఆసుపత్రులు నిండిపోయాయి. ఏళ్ళ తరబడి వాడిన మాత్రయినా, రోజూ తాగే మద్యమైనా డాక్టరు చూస్తుండగానే మానాలి. ఇక్కడే ఇంకో ప్రమాదముంది. తాగుడు మాన్పించేటప్పుడు వణుకు, ఫిట్స్ రాకుండా మేమిచ్చేది కూడా ఈ జాతి మాత్రే, క్లోర్‌డయాజెపాక్సైడ్. ఇంటికొచ్చాక మనసు లాగి, దాని మీదే మళ్ళీ తాగినవాళ్ళున్నారు. ఆ మాత్రలు ఇంట్లో ఇంకొకరి చేతిలో ఉండాలి. ఏ పూటది ఆ పూట ఇవ్వాలి. తాగి వచ్చిన రోజు మాత్ర ఇవ్వకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యాలి.

ప్రమాదం నిద్ర మాత్రలతోనే అనుకోవద్దు. ధర్మవరం మగ్గాల మీద నడుము పట్టేసినవాళ్ళకు రాసే ట్రమడాల్, ప్రీగాబలిన్. కొడీన్ కలిసిన దగ్గు మందు. ముక్కు కారితే వేసుకునే మత్తెక్కే మాత్ర, ఇవి కూడా మద్యంతో ప్రమాదమే. అల్ప్రాజోలం, డయాజెపాం, జోల్పిడెం వంటి నిద్ర మాత్రలు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో ఉన్నాయి. చీటీ లేనిదే అమ్మకూడదు. రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలి. అడగ్గానే స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చే మందులంగడి మీకు సాయం చేస్తోందనుకోకండి.

తాగి పడుకున్న మనిషిని చూసినప్పుడు పేరు పెట్టి గట్టిగా పిలవండి. పలక్కపోతే భుజం మీద గిచ్చండి. కళ్ళు తెరవకపోయినా, నిమిషానికి పదిసార్లయినా ఊపిరి తీసుకోకపోయినా, పెదాలు నల్లబడినా, గొంతులో నీళ్ళు ఆడుతున్నట్టు గురక వస్తున్నా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పండి: పైనున్న మోకాలు మడిచి నేలకు ఆనించాలి, చెంప కింద అతని చెయ్యే పెట్టాలి, గడ్డం కొంచెం పైకెత్తాలి. ఊపిరే లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ నడుమ గట్టిగా, త్వరత్వరగా నొక్కుతూ ఉండండి. 108 వాళ్ళు ఫోన్లో ఏం చెబితే అది చెయ్యండి. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ ఏదీ నోట్లో పొయ్యొద్దు. వేలు పెట్టి కక్కించొద్దు. ఖాళీ స్ట్రిప్పులు, సీసా ఏది దొరికినా ఆసుపత్రికి తీసుకురండి. ఆ మనిషిని ఒంటరిగా వదిలి వెళ్ళొద్దు.

డాక్టరు అడగకపోయినా ‘సార్, రోజూ ఇంత తాగుతాను’ అని చెప్పండి. పెద్దమనిషి పరువు పోతుందని దాస్తే, రాసే చీటీ వేరే మనిషికి రాసినట్టవుతుంది. మానాలనుకునేవాళ్ళకు 14446, మనసు బాగోలేనివాళ్ళకు 14416 నంబర్లకు ఫోన్ ఉచితం. సభ అయ్యాక నేను మెట్ల దగ్గర కూర్చుంటాను. పదిమందిలో అడగలేని అక్కలు ఇంట్లో ఉన్న మాత్రల పేర్లు చెప్పి అక్కడ అడగండి.