అడుగని సలహా
(సాంస్కృతిక సభలో చదివిన ప్రసంగ పాఠము)



అడుగనిదే అమ్మయైనను పెట్టదని మనవారి సామెత. ఈ సామెతను కల్పించినవారు నేటి నగరములలోని జిమ్మును చూచియుండరు. అచట అడుగకుండగనే, వద్దన్నను, చేతిలో బరువుండగా, ఊపిరి సగములో నుండగా, ఎదుట నిలిచి వడ్డించు పదార్థమొకటి కలదు. దాని పేరు సలహా. క్రొత్తగా చేరినవానికి అది కావలసినదే. పదునైదేండ్లుగా, ఇరువదియేండ్లుగా బరువులెత్తుచున్నవానికి అదే సలహా దినమునకు రెండుసారులు, అదియును నిన్న మొన్న పనిలో చేరిన యువకుని నోట వచ్చినచో, తాతకు దగ్గులు నేర్పినట్లుండును. నేటి ప్రసంగవిషయము ఆ తాతగారి కష్టము. ఇది నవ్వులాటకు ఎన్నుకొన్న విషయమువలె తోచవచ్చును గాని, ఇందులో ఒకరి భుజము, ఒకరి జీతము, ఒకరి గౌరవము చేరియున్నవి.

వ్యాయామవిద్య తెలుగువారికి క్రొత్తది కాదు. గరిడీ అనియు, తాలింఖానా అనియు పిలిచిన సాముశాలలు మన ఊళ్ళలో వెనుకటినుండియు నుండెను. దండీలు, బస్కీలు, కర్రసాము, ఉత్తరాంధ్రమున సంగిడి రాళ్ళు, ఇవి పిల్లవానికి ఒకనాటితో వచ్చెడివి కావు. 1882లో వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు చెప్పగనే ఎదపై నిలిచిన ఏనుగు, తెగిపోయిన ఇనుప గొలుసు అందరికిని గుర్తునకు వచ్చును. ఆయన సర్కసు నడపుటకు పూర్వము సైదాపేటలో శిక్షణము పొంది విజయనగరమున పిల్లలకు వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయుడన్న సంగతి అంతగా గుర్తురాదు. బలము చూపినవానికి దొరకిన కీర్తి బలము నేర్పినవానికి దొరకదు కాబోలు.

సాముశాలలో నేర్పువానిని వస్తాదు అనెడివారు. వస్తాదు దగ్గర చేరిన పిల్లవాడు మొదట చేయు పని గోదాలోని మన్ను త్రవ్వి, గడ్డలు చిదిపి, నీరు చిలికి చదును చేయుట. అది చేయుచుండగా వస్తాదు ఒకమూల కూర్చుండి వాని నడుము ఎట్లు వంగుచున్నదో, ఏ భుజము ముందుకు పడుచున్నదో చూచుచుండెడివాడు. నోరు తెరచుటకు ముందు కన్ను తెరచెడివాడు. పాతదంతయు బంగారమని కాదు. కొందరు వస్తాదులు చెప్పుటకు బదులు కొట్టెడివారు, కారణమడిగిన శిష్యునికి మరుసటి దినము చోటుండెడిది కాదు. ఐనను, ఎన్నడును చూడనివానిని తప్పుపట్టు అలవాటు మాత్రము వారికి లేదు.

నేటి జిమ్ములో ఆ చూచుటకు తీరిక లేదు. దీనికి కారణము యువకుని స్వభావమున వెదకుటకంటె, అతని జీతపు లెక్కలో వెదకుట మంచిది. సాధారణముగా ఇట్టిశాలలు సంవత్సరపు చందాను ఒక్కమారు వసూలు చేయును. ఆ చందా అద్దెకు, విద్యుత్తుకు, యంత్రముల అప్పుకు పోవును. హాలులో తిరుగు ట్రైనరుకు ఇచ్చు నెలజీతము స్వల్పము. అతని బ్రతుకు నిజముగా ఆధారపడునది పర్సనల్ ట్రైనింగ్ అను ప్రత్యేక శిక్షణముపై. ఒక సభ్యుడు విడిగా రుసుము చెల్లించి అతనిని పెట్టుకొనినచో, ఆ రుసుములో అతనికి వాటా. కొన్నిచోట్ల నెలకు ఇంతమందిని చేర్చవలెనను లక్ష్యముకూడ నిర్ణయింతురు. కనుక అతడు మీ దగ్గరకు వచ్చి "సార్, మీ ఫారం తప్పండి" అన్నప్పుడు ఆ మాటలో సగము వ్యాయామశాస్త్రము, సగము వస్త్రదుకాణమువాడు చూపు తానుముక్క. తప్పు లేనిచోట తప్పు కనిపెట్టవలసిన అవసరము ఆ ఉద్యోగములోనే ఇమిడియున్నది. పొడిడబ్బాలమీద కమీషనుకూడ ఉన్నచోట, తప్పు భుజములోనే గాక భోజనములోకూడ కనబడును.

ఇక ఈ సలహా పొందువానిని చూతము. ఢిల్లీలో సెక్షను ఆఫీసరుగా నున్న ఒక తెలుగు ఉద్యోగిని ఉదాహరణముగా తీసికొందము. పేరుతో పనిలేదు, ఇట్టివారు ప్రతి కార్యాలయమునను కలరు. వయస్సు యాబదినాలుగు. యౌవనమున మంత్రిత్వశాఖల నడుమ జరుగు పవర్‌లిఫ్టింగు పోటీలలో పాల్గొన్నాడు. కేంద్ర సివిల్ సర్వీసుల సాంస్కృతిక క్రీడామండలి అట్టి పోటీలను నిర్వహించుచు వచ్చినదని ఈ సభలోని పలువురికి తెలియును. ఎనిమిదేండ్ల క్రిందట కుడిభుజములోని నరము చినిగినది. వైద్యుడు, ఫిజియోథెరపిస్టు కలిసి ఒక హద్దు చెప్పిరి: బల్లపై పరుండి బరువునెత్తునపుడు కడ్డీని ఎదను తాకునట్లు దింపరాదు, మూడు వ్రేళ్ళ ఎడమ విడిచి ఆపవలెను. ఆయన ఆ మూడు వ్రేళ్ళ ఎడమను ఎనిమిదేండ్లు కాపాడుకొన్నాడు.

క్రొత్త ట్రైనరు వచ్చిన ప్రతిసారి దృష్టి ఆ మూడు వ్రేళ్ళమీదనే పడును. "సార్, సగమే చేస్తున్నారు, పూర్తిగా దించండి." మొదటి యువకునికి ఆయన భుజము కథ ఓర్పుతో చెప్పినాడు. రెండవవానికిని చెప్పినాడు. జీతము చాలక ఆ యువకులు మూడు నెలలకొకరు మారుచుందురు. కథ మాత్రము మొదటినుండి మొదలు. ఐదవవానికి "గాయమున్నదయ్యా" అని మాత్రమే అన్నాడు. ఏడవవానికి ఏమియు చెప్పలేదు. చెవిలో పాటల యంత్రము పెట్టుకొని కన్నులు మూసికొన్నాడు. పాటలు వినుటకు గాదు. అది ఒక కంచె. ఒకనాడు నలుగురు కుర్రవాండ్ర ఎదుట, "అంకుల్‌కు బరువెక్కువైంది, తగ్గించండి" అన్న మాట కంచె దాటి వినబడినది. ఏబదినాలుగేండ్ల మనిషికి రోషము రాకూడదని నియమమేమియు లేదు. కడ్డీని ఎదవరకు దింపినాడు. తరువాత ఆరు వారములు కుడిచేతితో ఫైలు ఎత్తలేదు, తల దువ్వుకొనలేదు. తప్పెవరిదని విచారణ జరిపినచో ఆయనదికూడ కొంత తేలును. కాని ఆయన చేసిన తప్పు ఒక్కనాటిది. అది చేయించుటకు జరిగిన ప్రయత్నము ఎనిమిదేండ్లది.

సలహా సరియైనదైన పక్షమున విసుగైనను సహింపవచ్చును. తరచు వినబడు సలహాలలో కొన్ని సరియైనవికూడ కావు. "మోకాలు కాలివ్రేళ్ళను దాటి ముందుకు పోరాదు" అనునది వానిలో అగ్రగణ్యము. దీనిని ట్రైనర్లు వేదవాక్యమువలె చెప్పుదురు. బస్కీలు తీయు ఏ పిల్లవానినైనను ప్రక్కనుండి చూడుడు: మడమలు లేచి మోకాళ్ళు వ్రేళ్ళను దాటి చాల ముందుకు పోవును. తరతరములుగా మన మల్లులు అట్లే చేసిరి. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తము 240 కిలోలెత్తి కంచు పతకము గైకొన్నది. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ వనిత ఆమె. బరువు క్రిందికి దిగి కూర్చుండు ఆ క్రీడలో మోకాలిని వ్రేళ్ళకు వెనుక ఆపినవారు లేవనే లేవరు.

2003లో అమెరికాలో దీనిని కొలిచి చూచిరి. ఏడుగురు పురుషులు తమ శరీరపు బరువుతో సమానమైన బరువును మోసికొని రెండు విధములుగా కూర్చుండి లేచిరి: ఒకమారు స్వేచ్ఛగా, ఒకమారు వ్రేళ్ళకెదురుగా చెక్కపలక నిలిపి మోకాలు దాటకుండునట్లు. పలక పెట్టినప్పుడు మోకాలిపై త్రిప్పుబలము సుమారు ఐదవవంతు తగ్గినది. తుంటిపై పడినది పదింతలకు మించి పెరిగినది. వెన్ను మరింత ముందుకు వంగినది. అనగా భారము మాయమగుట లేదు, ఒక గదినుండి మరియొక గదికి బదిలీ యగుచున్నది. బదిలీ అన్న మాటకు అర్థము ఈ సభకు విడమరచి చెప్పవలసిన పనిలేదు. మోకాలి నొప్పి గలవానికి ఆ నియమము కొంత ఉపకరింపవచ్చును. నడుము నొప్పి గలవానికి అదే అపకారము. ఎవరికేది యని తెలియుటకు ముందుగా ఒక ప్రశ్న అడుగవలెను గదా.

రెండవది పొట్ట సంగతి. "ఈ వ్యాయామము చేసినచో పొట్ట కరుగును" అని చెప్పని శాల లేదు. 1984లో ప్రచురితమైన ఒక పరిశోధనలో పదుమువ్వురు పురుషులచే 27 దినములలో తలకొక 5,004 సిటప్పులు చేయించిరి. ముందును వెనుకను పొట్టనుండి, వీపునుండి, పిరుదులనుండి క్రొవ్వుకణములను తీసి కొలిచిరి. కణములు మూడుచోట్లను ఒకేరీతిగా చిన్నవైనవి. పొట్టకు ప్రత్యేకాభిమానమేమియు చూపబడలేదు. అంతకు పూర్వమే 1971లో టెన్నిసు క్రీడాకారులను పరీక్షించి, రాకెట్టు పట్టు చేతిలోను ఖాళీచేతిలోను చర్మము క్రిందనున్న క్రొవ్వు సమానమేయని తేల్చిరి. పొట్టకు సిటప్పులు వలదని దీని అర్థము కాదు. అవి కండరమునకు మంచివి. ఇట్టి సంగతులు ఇరువదియేండ్లు సాధన చేసినవానికి చదివియో, తన శరీరముపై చూచుకొనియో తెలిసియుండును. తెలిసినవాడు నిలుచుండి వినుచుండగా తెలియనివాడు చెప్పుట, ఈ చిత్రము కార్యాలయములలోకూడ అపూర్వము కాదు.

స్త్రీల కష్టము వేరొక మెట్టు పైన. వారికి సలహా మాటతో ఆగదు. "ఇట్లు పట్టుకొనవలెను" అని చెప్పుచు, అనుమతి అడుగకుండగనే చేయి నడుముపై, భుజముపై పడును. పదియేండ్లు సాధన చేసిన గృహిణికికూడ "బరువులెక్కువైనచో మగవారివలె తయారగుదురు" అని గులాబిరంగు డంబెలు చేతికిచ్చువారు కలరు. స్త్రీ శరీరములో కండను పెంచు టెస్టోస్టెరోను పురునితో పోల్చినచో అత్యల్పము. ఆ భయమునకు ఆధారము లేదు. నలుబది దాటిన స్త్రీకి ఎముకల బలము నిలుపుకొనుటకు బరువెత్తుట మందువంటిది. ఆ మందును గులాబిరంగు డంబెలు ఇచ్చి తగ్గించుచున్నారు. ట్రైనర్లేగాక, తోడి సభ్యులలోని పురుషులును ఇందులో వెనుకబడలేదు.

ఇంతవరకు వాదము ఒకప్రక్కది. రెండవప్రక్కకూడ చెప్పవలెను. కడ్డీ చివర బిగింపు పెట్టక పలకలు జారుచున్నప్పుడు, ఎదపై బరువు చిక్కుకొన్నప్పుడు, ఎవడును అడుగువరకు వేచియుండరాదు. అది సలహా కాదు, రక్షణము. గ్వాలియరులో 1957లోను, పటియాలాలో 1961లోను జాతీయ వ్యాయామ, క్రీడా శిక్షణ సంస్థలు వెలసినవి. వీధివీధిని వెలసిన జిమ్ములకు చాలినంతమందిని అవి ఎట్లు తయారుచేయగలవు? వైద్యునికి, వకీలునకు నమోదు తప్పదు. ట్రైనరుకు చట్టమట్టి అర్హతను విధింపలేదు. కొలది వారముల తరగతితో పత్రము పుచ్చుకొని, బనియనుపై ట్రైనరని అచ్చువేసికొని నిలిచిన ఆ యువకుడు తరచు పల్లెనుండి వచ్చినవాడు. ఉదయము ఐదింటికి తలుపు తీసి, రాత్రి పదింటికి మూయువాడు. అనుభవజ్ఞుడు ముఖము త్రిప్పుకొనినచో అతనికి నేర్పువాడెవడు?

అనుభవజ్ఞులలోకూడ అందరును మౌనులు కారు. ట్రైనరు సలహాకు మండిపడిన పెద్దమనిషియే, పది నిమిషముల తరువాత ప్రక్కనున్న కుర్రవాని మోచేతిని సవరించుచు కనబడును. ఆయనను ఎవరడిగిరని ప్రశ్నించినచో, "చూచి ఊరకుండలేకపోయితిని" అనును. ట్రైనరు చెప్పినదియు ఆ మాటయే. ఈలోపల నిజముగా సలహా కావలసినవాడు, మొదటి దినము వచ్చి ఏ యంత్రమునకు ఏ ప్రక్క కూర్చుండవలెనో తెలియక అద్దము దగ్గర నిలిచినవాడు, అట్లే నిలిచియుండును. అతడు వారపు చందాదారుడు. అతనివలన వాటా రాదు.

పైన చెప్పిన సెక్షను ఆఫీసరు ఆరు వారముల తరువాత మరల జిమ్మునకు పోయినాడు. ఈసారి తగిలిన యువకుడు మూడు వారములు దూరమునుండి చూచి, ఆయన బల్లపైనుండి లేచి చెమట తుడిచికొనునంతవరకు ఆగి, "మీరు కడ్డీని అక్కడే ఎందుకు ఆపుతారండీ?" అని అడిగినాడు. ఆయన చెవిలోని యంత్రము తీసి జేబులో వేసికొన్నాడు. భుజము కథ ఎనిమిదవమారు మొదటినుండి చెప్పినాడు. యువకుడు తన కుడిమణికట్టు చూపి, ఇది ఏడాదిగా నొప్పిపెట్టుచున్నదని, ఏమి చేయవలెనని అడిగినాడు.