పుస్తకం దాకా రాని జీవితాలు

(భద్రాచలంలో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



జీవిత కథల్ని వినడం మన ఉద్యమానికి కొత్త కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు అందులో తమ గురించి తామే చెప్పుకున్నారు. దళంలో తిరుగుతూ పసిబిడ్డల్ని ఏం చేసుకున్నారు, పోరాటం ముగిశాక మళ్లీ వంటింటికే ఎలా చేరారు అన్నవి నాయకులు రాసిన చరిత్రల్లో లేవు. అడిగినవాళ్లు లేక అంతకాలం బయటికి రాలేదు.

హిజ్రాల, ట్రాన్స్‌జెండర్ స్త్రీల ఆత్మకథల్ని కూడా ఆ చూపుతోనే చదవాలని నా విన్నపం.

రేవతి తమిళంలో రాసుకున్న ఆత్మకథ 2010లో ఇంగ్లీషులో వచ్చింది. దాన్ని పి. సత్యవతి గారు ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా మనకందించారు. 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది. చదివినవాళ్లు చాలామంది నన్నడిగే ప్రశ్న మాత్రం ఒకటే: ‘ఆపరేషన్ ఎలా జరిగిందట?’ ఆపరేషన్ ఉంది, నిజమే. కానీ కొట్టిన అన్నదమ్ములూ ఉన్నారు. పోలీసుల హింస ఉంది. ఆస్తిలో వాటా కోసం ఇంట్లో జరిగిన గొడవ ఉంది. ‘ఆడపిల్లవి, నీకు వాటా ఏమిటి?’ అని మనల్ని అడిగిన ఇల్లే, ఆడదానిగా బతుకుతానన్న బిడ్డను గడప దాటించింది. ఇది మనకు తెలియని కుటుంబమా?

ఇంటర్‌సెక్స్ వ్యక్తుల సంగతి వేరు. పుట్టుకతోనే వాళ్ల శరీర నిర్మాణంలో తేడా ఉంటుంది. వాళ్లనూ ట్రాన్స్‌జెండర్లనూ ఒకటిగా కలిపేయకూడదు. తమిళనాడుకు చెందిన శాంతి సౌందరాజన్ ఇటుక బట్టీ కూలీల బిడ్డ. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచింది. లింగ నిర్ధారణ పరీక్ష పేరుతో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆమె నోరు విప్పకముందే ఆమె శరీరం గురించి పత్రికలు మాట్లాడేశాయి. మన కథ మనం చెప్పుకోవడానికీ, ఇతరులు మన గురించి చెప్పడానికీ తేడా ఇక్కడే ఉంది.

మన దగ్గరా కొందరు ముందుకొచ్చారు. చంద్రముఖి 2018లో గోషామహల్ నుంచి శాసనసభకు పోటీ చేసింది. 2022లో ఉస్మానియా ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. వాళ్లలో రూత్ జాన్ పాల్ మన ఖమ్మం బిడ్డే. హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించి, ఆడబట్టలతో బయట కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవడానికి వీలిచ్చిన నిజాం కాలపు 1919 చట్టం ఒకటుండేది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెళ్లగా 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నిజాం పోయిన డెబ్బై అయిదేళ్లకు!

వీళ్లంతా ఏదో ఒక నగరం చేరుకోగలిగినవాళ్లు. మరి ఈ అడవి అంచు ఊళ్లలో ఉండిపోయినవాళ్ల మాట?

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కింద ఈ దగ్గర్లోనే ఒక మహిళా సమావేశం జరిగింది. ఏజెన్సీ గ్రామం నుంచి ఒకామె వచ్చి వెనక నిలబడింది. ఆమె హిజ్రా అని అందరికీ తెలుసు. కుర్చీ వేశాం. అటూ ఇటూ ఉన్న ఇద్దరూ లేచి వేరే చోట కూర్చున్నారు. హాజరు పుస్తకం ఆమె దాకా వెళ్లలేదు. ఆ సమావేశం నడిపింది నేనే. ఆమె పోడు భూమి గురించి అడగడానికి వచ్చిందని తర్వాత తెలిసింది.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవాళ్లకు హక్కు భార్యాభర్తలిద్దరి పేరునా నమోదవుతుంది. ఒంటరిగా ఇల్లు నడిపేవాళ్లకు వాళ్ల పేరునే. ఆ భూమి అమ్మడానికి వీల్లేదు, వారసత్వంగా వస్తుంది. ఇల్లు వదిలి, పేరు మార్చుకున్న బిడ్డను అమ్మానాన్నలు పోయాక వారసురాలని ఎవరు చెప్పాలి? గ్రామసభలో ఆమె పక్షాన లేచి నిలబడేదెవరు? రేవతి పుస్తకంలోని ఆస్తి గొడవే ఇక్కడ పట్టా రూపంలో మన ముందుంది.

రేవతి తన కథ రాయకముందే, 2004లో తనలాంటివాళ్ల జీవిత కథల్ని సేకరించి తమిళంలో పుస్తకం తెచ్చింది. ముందు విన్నది, తర్వాత రాసింది. మనమూ వినడంతో మొదలుపెడదాం. ఏ పేరుతో పిలవమంటే ఆ పేరుతో పిలుద్దాం. శరీరం గురించి కాదు, రేషన్ కార్డు గురించి, అద్దె గది గురించి, భూమి గురించి అడుగుదాం. ఆమె చెప్పింది రాసుకుంటే తిరిగి చదివి వినిపిద్దాం. పేరు వెయ్యాలా వద్దా ఆమే తేల్చుకుంటుంది.

ఈసారి హాజరు పుస్తకం చివరి వరస దాకా వెళ్లాలి. అక్కడి నుంచి మొదలైనా మంచిదే.